లైసెన్సు వచ్చింది, మరి ఉద్యోగం?

"పాపా, ఇమానం ఎప్పుడు తోలతావు?"

ఊళ్లో అందరూ అడిగేది ఇదే కదూ? రచ్చకట్ట మీద పెద్దాయన అడుగుతాడు, పాలకొచ్చిన పిన్నమ్మ అడుగుతుంది, గడివేముల బస్టాండులో ఎదురైన ప్రతి చుట్టమూ అడుగుతాడు. వాళ్ల మనసులో చెడేం లేదు. తెల్లచొక్కా, భుజాల మీద చారలతో మన ఫొటో చూశారు. ఇక విమానమెక్కి కూర్చోవడమే మిగిలిందనుకుంటారు. చేతిలో కమర్షియల్ పైలట్ లైసెన్సు పెట్టుకుని కూడా, మిద్దె మీద సిగ్నల్ దొరికే మూల కూర్చుని విమాన కంపెనీల కెరీర్ పేజీలు తిప్పి తిప్పి చూస్తున్నామని వాళ్లకెలా తెలుస్తుంది?

రా, ఇట్లా కూర్చో. టీ పెట్టాను, ఉగ్గాని కూడా ఉంది. ముందు తిను. బాధ ఎక్కడికీ పోదు, తిన్నాక మాట్లాడుకుందాం.

మొదట ఒక మాట గట్టిగా చెప్పనివ్వు. లైసెన్సుకూ మొదటి ఉద్యోగానికీ మధ్య ఇట్లా ఖాళీ రావడం నీ ఒక్కదానికే జరగలేదు. నీలో లోపం ఉండి జరగలేదు. ఇది ఈ వృత్తిలోనే ఉంది. మనకెవరూ ముందుగా చెప్పలేదు, అంతే. మన మండలంలో బిలకలగూడూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం ఎట్లా వస్తుందో చెప్పేవాళ్లున్నారు. గని సోలార్ పార్కులో పని ఎవరిని అడిగితే దొరుకుతుందో చెప్పేవాళ్లున్నారు. పైలట్ ఉద్యోగం సంగతి చెప్పే మేనమామ ఎవరింట్లో ఉన్నాడు చెప్పు?

పౌర విమానయానాన్ని చూసే డీజీసీఏ మనకు కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్, ఇచ్చింది 200 గంటలు ఎగిరినందుకు. ఆ గంటల్లో చాలా భాగం సెస్నా లాంటి చిన్న విమానాల మీద గడిచినవే. విమాన కంపెనీ మనల్ని కూర్చోబెట్టేదేమో ఎయిర్‌బస్ ఏ320లోనో, బోయింగ్ 737లోనో, మన ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులో దిగే ఏటీఆర్ లాంటిదానిలోనో. ఆ ఒక్కో రకం విమానానికీ విడిగా శిక్షణ ఉంటుంది, దానికి పేరు టైప్ రేటింగ్. అది లేనిదే లైసెన్సున్నా ఆ సీటు దక్కదు. మరి అది ఎవరి ఖర్చుతో, ఎప్పుడు చేయాలి? అసలు తలనొప్పంతా అక్కడే ఉంది. దాని దగ్గరికి వస్తాను. అంతకుముందు ముగ్గురు ఆడపిల్లల సంగతి చెబుతాను.

ప్రేమ్ మాథుర్ పేరు విన్నావా? 1947లో కమర్షియల్ లైసెన్సు తీసుకుంది. మన దేశంలో విమాన కంపెనీలో పైలట్‌గా చేరిన మొదటి ఆడమనిషి ఆమే. లైసెన్సు రాగానే ఎర్ర తివాచీ పరిచారనుకుంటున్నావా? ఎనిమిది కంపెనీలు వద్దన్నాయి. చివరకు కో-పైలట్‌గా తీసుకున్నది ఎవరో తెలుసా? మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్! 1949లో ఆమె జాతీయ స్థాయి విమాన పందెం గెలిచింది. 1953లో కంపెనీలన్నిటినీ జాతీయం చేశాక ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసింది. దేశంలో మొదటి మహిళా ఎయిర్‌లైన్ పైలట్‌కు మొదటి ఉద్యోగమిచ్చింది తెలుగు గడ్డ మీది కంపెనీ అని తలుచుకుంటే నాకెంత గర్వమో! కానీ ఆ ఎనిమిది తిరస్కారాల మధ్య ఆమె రాత్రులు ఎట్లా గడిచాయో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. అది మనకు తెలుసు, ఇప్పుడు మనం గడుపుతున్నవీ అవే రాత్రులు గనక.

ఇక విజయవాడ అమ్మాయి ఆనీ దివ్య. నాన్న సైన్యంలో పనిచేసి విజయవాడలో స్థిరపడ్డారు. పదిహేడేళ్లకే ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీకి వెళ్లింది. ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపారు. ఇంగ్లిష్ సరిగా రాక తోటి పిల్లల మధ్య ఇబ్బంది పడిందట. పంతొమ్మిదేళ్లకు శిక్షణ ముగిసింది, ఎయిర్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది. ముప్పై ఏళ్లకు బోయింగ్ 777 కమాండర్ అయింది. అంత చిన్న వయసులో ఆ విమానానికి కమాండర్ అయిన మరో మహిళ ప్రపంచంలోనే లేదని 2017లో పత్రికలన్నీ రాశాయి. ఆ కటింగు మన అమ్మ బీరువా తలుపుకు అంటించి ఉంటుంది కూడా.

మూడో అమ్మాయి సయ్యదా సల్వా ఫాతిమా. హైదరాబాద్ పాతబస్తీ, నాన్న బేకరీలో పనివాడు. సియాసత్ పత్రిక సంపాదకులు జాహెద్ అలీ ఖాన్ చేయూతతో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరి సీపీఎల్ సాధించింది. తర్వాత? ఆగిపోయింది. రెండు ఇంజన్ల విమానం మీద శిక్షణ, టైప్ రేటింగ్ కావాలి, దానికి లక్షలు కావాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వం సాయం మంజూరు చేసింది. ఆ శిక్షణలు పూర్తి చేసుకుని, ఆ మీదట ఇండిగోలో చేరింది. మధ్యలో ఏళ్లు గడిచాయి.

చూశావా? పంతొమ్మిదేళ్లకు ఉద్యోగం వచ్చిన కథనే అందరూ చెప్పుకుంటారు. ఏళ్లపాటు ఎదురుచూసిన కథ అంతగా చెప్పుకోరు. మనం మొదటి కథ పక్కన మన బతుకును పెట్టి కొలుచుకుని కుంగిపోతున్నాం. నన్నడిగితే మనకు దగ్గరి చుట్టం సల్వాయే. దివ్యను చూసి మురిసిపోదాం, నేర్చుకోవడం మాత్రం సల్వా దగ్గర.

"అక్కా, మరి పేపర్లో పైలట్ల కొరత అంటారే?" అంటావు. నిజమే, అంటారు. ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలు కొంటామంది. అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500కు ఆర్డరిచ్చింది. 2024 జనవరిలో ఆకాశ ఎయిర్ 150 అంది. అన్నీ నిజాలే. కానీ ఆర్డరిచ్చిన విమానాలు రేపు ఉదయమే రావు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వస్తాయి. అదే 2023లో డీజీసీఏ ఇచ్చిన కమర్షియల్ లైసెన్సులు 1,622. అంతమంది ఒకే ఏడాది బయటికొచ్చారు! దానికి తోడు 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, 2023 మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయింది. అక్కడ వేల గంటలు ఎగిరినవాళ్లు కూడా మన వరుసలోకే వచ్చి నిలబడ్డారు. కంపెనీకి ఎవరు సులువు చెప్పు, వాళ్లా మనమా? కొరత ఎక్కువగా కమాండర్లకే. మనలాంటి కొత్తవాళ్లు ఎప్పుడూ ఎక్కువగానే ఉంటారు.

అయితే ఈ గాలి మారుతూనే ఉంటుంది. పైలట్లకు విశ్రాంతి పెంచుతూ 2025లో కొత్త డ్యూటీ నిబంధనలు వచ్చాయి. వారానికి 36 గంటలుండే విశ్రాంతి 48 గంటలైంది. ఆ డిసెంబరులో ఇండిగో విమానాలు వేల కొద్దీ రద్దయి జనం ఎయిర్‌పోర్టుల్లో నేల మీద పడుకున్నారు, గుర్తుందా? విశ్రాంతి పెరిగితే అన్నే విమానాలు నడపడానికి ఎక్కువమంది పైలట్లు కావాలి. లెక్క అంతే. ఈ వృత్తిలో ఉద్యోగాలు విడతలు విడతలుగా తెరుచుకుంటాయి. తలుపు తెరుచుకున్న రోజున మనం అన్ని కాగితాలతో సిద్ధంగా ఉన్నామా లేదా అన్నదే మన చేతిలో ఉంది.

ఇప్పుడు టైప్ రేటింగ్ సంగతికి వద్దాం. నీ బ్యాచ్ అబ్బాయి ఏ320 టైప్ రేటింగ్ చేసేశాడని, నువ్వు వెనకబడిపోతున్నావని నాన్న దగ్గర ఏడ్చావట కదా. ఆయన కేసీ కాలువ కింద ఉన్న మడి బేరం పెట్టేవరకూ వచ్చాడట. ఆగమ్మా! ఆ మడి అట్లాగే ఉండనీ. సీపీఎల్‌కే ఈరోజుల్లో 50 లక్షలు దాటుతోంది, దాని మీద టైప్ రేటింగ్‌కు ఇంచుమించు మరో 15 నుంచి 25 లక్షలు. ఉద్యోగం చేతిలో లేకుండా, ఏ కంపెనీ పిలుస్తుందో తెలియకుండా సొంత డబ్బుతో అది చేయించుకోవడమంటే చీర కొనకముందే రవిక కుట్టించుకోవడం. ఏ320 చేశావు, తలుపు తెరిచింది 737 నడిపే ఆకాశ. అప్పుడేం చేస్తావు? పైగా టైప్ రేటింగ్ చేసి ఆ విమానం ఎగరకపోతే పట్టు తప్పుతుంది, మళ్లీ సిమ్యులేటర్‌కు డబ్బు పోయాలి.

అలాగని ఎప్పుడూ వద్దని చెప్పను. కొన్ని సార్లు కంపెనీలు టైప్ రేటింగ్ ఉన్నవాళ్లనే పిలుస్తాయి. కొన్ని సార్లు లేనివాళ్లను పరీక్ష పెట్టి ఎంచుకుని, తర్వాత శిక్షణ ఇప్పిస్తాయి. ఆ ఖర్చు మన దగ్గర తీసుకోవచ్చు, లేదా ఇన్నేళ్లు పనిచేయాలని బాండు రాయించుకోవచ్చు. కంపెనీ ఎంపిక చేసి, ఆఫర్ కాగితం మీద రాసిచ్చాక పెట్టే డబ్బు వేరు. వాళ్ల మాటలూ వీళ్ల మాటలూ విని ముందే పోసే డబ్బు వేరు. మొదటిదానికి అప్పు చేసినా నేను పక్కన నిలబడతాను. రెండోదానికి మాత్రం ఒప్పుకోను. నాన్నకూ ఇదే చెప్పు, అక్క చెప్పిందని చెప్పు.

మరి ఈ ఖాళీలో చేతులు ముడుచుకు కూర్చోవాలా? అస్సలు కాదు. ఈ నెలల్లో చేయాల్సిన పని బోలెడుంది. ఎవరికీ కనపడదు గానీ అదే మన ఉద్యోగం ఇప్పటికి.

ముందు క్లాస్ 1 మెడికల్. దాని గడువు ఏడాది. ఉద్యోగం లేదు కదా తర్వాత చూద్దామని దాన్ని వదిలేస్తే, ఇంటర్వ్యూకి పిలిచిన రోజు పరుగులు పెట్టాల్సి వస్తుంది. ఆడపిల్లలం గనక ఒక మాట విడిగా చెబుతాను, సిగ్గుపడకుండా విను. మన ఇళ్లలో చాలామంది పిల్లలకు రక్తం తక్కువ. మెడికల్‌లో హిమోగ్లోబిన్ తగ్గి, తాత్కాలికంగా అన్‌ఫిట్ అనిపించుకుని ఏడ్చేవాళ్లు ఉంటారు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ రాగిముద్ద, ఆకుకూర పప్పు, శనక్కాయల బెల్లం ఉండలు తిను. నెలసరి ఎక్కువగా ఉంటే నంద్యాల వెళ్లి డాక్టరమ్మకు చూపించుకో. లావైపోతానని మాడి చావకు. కాక్‌పిట్‌లో కూర్చునేది మొహం కాదు, మనిషి.

తర్వాత ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట కనపడకపోయినా పరికరాలు చూసి ఎగిరే అనుమతి. అది కూడా ఏడాది మాత్రమే నడుస్తుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి మళ్లీ విమానం ఎక్కాలి, పరీక్ష ఇవ్వాలి, డబ్బు కట్టాలి. చాలామంది ఇక్కడే జారతారు. చదువుకయ్యే ఖర్చు లెక్క వేసుకుంటారు గానీ చదువు తర్వాత లైసెన్సును బతికించుకునే ఖర్చు లెక్కలో పెట్టరు. నా మాటగా ఇంట్లో చెప్పు. ఇంకా కోర్సులో చేరని చెల్లెళ్లెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు కూడా చెబుతున్నాను. ఇంటర్‌లో ఫిజిక్సు, మ్యాథ్సు ఉన్నాయా చూసుకోండి. ఒక్క రూపాయి ఫీజు కట్టకముందే క్లాస్ 1 మెడికల్ చేయించుకోండి. సీపీఎల్ తర్వాత ఉద్యోగం లేకుండా గడిచే రెండేళ్ల ఖర్చు పక్కన పెట్టుకునే మొదలుపెట్టండి.

లాగ్‌బుక్ సంగతి మరవకు. ప్రతి గంటా, ప్రతి సంతకమూ సరిగ్గా ఉండాలి. 2011లో దొంగ మార్కుల షీట్లతో లైసెన్సులు తెచ్చుకున్నవాళ్లు పట్టుబడి అరెస్టయ్యారు. అప్పటినుంచీ ఈ రంగంలో కాగితాలను భూతద్దం పెట్టి చూస్తారు. నీ లాగ్‌బుక్‌లో అంకె తేడా ఉంటే అది నీ పొరపాటా, మోసమా అని నిలబడి వాదించుకునే అవకాశం దొరకదు. ఇప్పుడే తీరిక ఉంది కదా, ఒక మధ్యాహ్నం కూర్చుని మొదటి పేజీ నుంచి కూడికలు సరిచూసుకో. ఎక్కడైనా తేడా కనిపిస్తే మీ ఫ్లయింగ్ స్కూలుకు రాసి సరిచేయించుకో. విదేశంలో చదివొచ్చినదానివైతే లైసెన్సు మార్పిడి కాగితాలు పూర్తయ్యాకే ఏ ఆశ అయినా.

ఇక చదువు. పరీక్షలు పాసయ్యాక పుస్తకాలు అట్టపెట్టెలో కట్టేశావు కదూ? విప్పు. ఆర్.కె. బాలి ఎయిర్ రెగ్యులేషన్స్, ఐ.సి. జోషి మెటియరాలజీ మళ్లీ బల్ల మీదికి రావాలి. కంపెనీ పెట్టే రాతపరీక్షలో నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్, టెక్నికల్ అన్నీ అడుగుతారు. ఆ మీద చేయీ కన్నూ కలిపి పనిచేసే కంప్యూటర్ పరీక్షలు, మనస్తత్వం చూసే ప్రశ్నలు, ఒక్కోచోట నలుగురితో కలిపి చర్చ, సిమ్యులేటర్‌లో చిన్న పరీక్ష, ఆఖరున ఇంటర్వ్యూ. అన్నీ అన్ని కంపెనీల్లో ఉండవు. కానీ అన్నిటికీ సిద్ధపడితే నష్టమేముంది?

నేను చెప్పేది చాలా చిన్న పని. రోజూ పొద్దున్నే లేచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు మెటార్, అంటే వాతావరణ నివేదిక, చదువు. తర్వాత విజయవాడది, తిరుపతిది. గాలి ఎటునుంచి, మేఘం ఎంత ఎత్తులో, చూపు ఎంత దూరం అని పైకి గట్టిగా చెప్పు. చెప్పాక మిద్దెక్కి మన ఆకాశం చూడు. నల్లమల వైపు మబ్బు కట్టినప్పుడు ఆ మేఘం పేరు చెప్పు, దానిలోకి వెళ్తే ఏమవుతుందో అమ్మకు విడమరిచి చెప్పు. అమ్మకు అర్థమయ్యేట్టు చెప్పగలిగావంటే ఇంటర్వ్యూ చేసే కెప్టెన్‌కు చెప్పడం చాలా సులువు. అమ్మ ప్రశ్నలు వాళ్లకంటే కష్టంగా ఉంటాయి.

"ఇంగ్లిష్ అక్కా..." అని నసుగుతున్నావు కదూ. తెలుసు. మనం గడివేముల బడిలో చదివి వచ్చినవాళ్లం, మాట ముందు తెలుగులో పుట్టి తర్వాత ఇంగ్లిష్ అవుతుంది. ఆ తడబాటు నీకొక్కదానికే ఉందా? విజయవాడ దివ్యకు లేదా? విమానయాన ఇంగ్లిష్‌లో ఆరు మెట్లుంటాయి, నాలుగో మెట్టుంటే ఎగరడానికి చాలు. అక్కడ కావలసింది సొగసైన ఇంగ్లిష్ కాదు. స్పష్టంగా చెప్పడం, విన్నది తిరిగి చెప్పడం, అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం. ఆఖరుది ముఖ్యం. మనం అడగడానికి మొహమాటపడతాం. కాక్‌పిట్‌లో మొహమాటం పనికిరాదు. ఇంటర్వ్యూలో కూడా తెలియనిదానికి "తెలియదు సార్, కనుక్కుని చెబుతాను" అన్న అమ్మాయినే వాళ్లు నమ్ముతారు, కథలల్లేవాళ్లను కాదు.

రోజులు మరీ బరువుగా ఉంటే ఒక దారి ఉంది, దాన్ని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు. ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ పని. అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసుకుంటే నువ్వే పిల్లలకు నేర్పొచ్చు. జీతం పెద్దగా ఉండకపోవచ్చు. కానీ గంటలు పెరుగుతాయి, చేయి ఆడుతూ ఉంటుంది, నేర్పేటప్పుడు మనకు వచ్చిందేదో రానిదేదో బయటపడుతుంది. కలబురగి అంత దగ్గర్లోనే ఫ్లయింగ్ స్కూళ్లున్నాయి. దేశంలో కొత్తవి కూడా పెడుతున్నారు. ఎయిర్ ఇండియా అమరావతిలో పెడుతోందని విని మీ బాబాయి సంబరపడ్డాడట, అది మన అమరావతి కాదని చెప్పు పాపం, మహారాష్ట్రలోది! కొత్త స్కూలు పెడితే ఇన్‌స్ట్రక్టర్లు కావాలి కదా? ఉద్యోగం రాలేదని దిగులుతో ఇంట్లో గడిపే ఏడాది కంటే ఎండలో రన్‌వే పక్కన నిలబడి గడిపే ఏడాది నీ రెజ్యూమెలో మంచిగా కనిపిస్తుంది. ఎయిర్‌లైన్ తప్ప ఇంకేదీ ఉద్యోగం కాదన్న పట్టుదల వదులుకో తల్లీ.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడాలి. ఫోన్లో ఒకాయన తీయగా పలకరించాడు కదూ? ఫలానా కంపెనీలో లోపలి మనిషి తెలుసని, సీటు పక్కా అని, ముందు రెండు లక్షలు వేయమని. ఇట్లాంటి ఫోన్లు మన బాధను వాసన పట్టి వస్తాయి. విమాన కంపెనీలు ఉద్యోగ ప్రకటనలు వాళ్ల సొంత కెరీర్ పేజీలో వేస్తాయి. ఎవరి సొంత ఖాతాకో, ఎవరి ఫోన్‌పే నంబరుకో డబ్బు వేయమనరు. ఉత్తరం మామూలు జీమెయిల్ నుంచి వచ్చిందంటే అక్కడే ఆగిపో. టైప్ రేటింగ్‌తో పాటు ఉద్యోగం గ్యారంటీ అనే ప్యాకేజీ ఎవరైనా చూపిస్తే కాగితం మీద అడుగు. ఏ కంపెనీ? ఉద్యోగం రాకపోతే డబ్బు వెనక్కిస్తారా? ఎన్నాళ్లలో? బాండు ఎంత? ఈ నాలుగూ రాసివ్వనివాళ్లు మనకు చుట్టాలు కారు. అడగడానికి నువ్వు జంకితే నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని అడుగు. నంద్యాల మార్కెట్లో వడ్లు బేరమాడినాయన, ఈ బేరం ఆయనకు లెక్కా?

అప్పు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. చదువు అప్పు తీసుకున్నామంటే మామూలుగా కోర్సు అయ్యాక ఒక ఏడాది దాకా వాయిదా కట్టనక్కర్లేదు. ఆ ఏడాది ఎంత తొందరగా అయిపోతుందో నీకు తెలుస్తూనే ఉంది. ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు తాకట్టు కూడా పెట్టే ఉంటాం, ఇల్లో పొలమో. అందుకని గడువు తీరేదాకా బ్యాంకు మెట్లు ఎక్కకుండా తప్పించుకు తిరగొద్దు. గడువుకు రెండు మూడు నెలల ముందే మేనేజరు దగ్గరికెళ్లు. లైసెన్సు చూపించు, ఎక్కడెక్కడ దరఖాస్తు చేశావో కాగితం చూపించు, వాయిదా ఎట్లా సర్దుబాటు చేస్తారో అడుగు. ముందే వచ్చి అడిగినవాళ్లతో బ్యాంకువాళ్లు ఒకలా మాట్లాడతారు, నోటీసు వెళ్లాక వచ్చినవాళ్లతో ఇంకోలా. ఏదీ కుదరకపోతే కనీసం వడ్డీ అయినా కడుతూ ఉండు. నంద్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పినా ఆ వడ్డీ వస్తుంది. అట్లా ఒక ఏడాది పాఠాలు చెబితే నీ ఫిజిక్సు కూడా గట్టిపడుతుంది.

ఇక ఇంట్లో పెళ్లి మాట మొదలైంది. నువ్వు చెప్పకపోయినా అర్థమవుతుంది. "ఉద్యోగం ఎట్లాగూ రావట్లేదు, మంచి సంబంధం వచ్చింది" అని. అమ్మానాన్నల మీద కోప్పడకు. వాళ్లకు భయమేస్తోంది, నీకు చెప్పడం రాక పెళ్లి మాటగా బయటికి వస్తోంది. వాళ్లు భయపడేది దేనికి? ఎప్పటిదాకా అన్నది తెలియకపోవడానికి. అందుకని నువ్వే ఒక గడువు చెప్పు. "ఈ ఏడాది ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేస్తాను, ఇన్ని చోట్ల పరీక్షలు రాస్తాను, వచ్చే సంక్రాంతికి మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం" అని. గడువు చెప్పిన కూతురి మాట తండ్రి వింటాడు. ఇంకోటి, మన దేశంలో పైలట్లలో ఆడవాళ్లు 15 శాతం దాకా ఉన్నారు, ప్రపంచ సగటుకు దాదాపు మూడు రెట్లు. ఈ మాట నాన్నతో చెప్పు. ఆడపిల్లకు ఈ పని కుదరదన్న చుట్టానికి సమాధానం ఆయనే చెప్పుకుంటాడు.

ఒక ఆదివారం అమ్మానాన్నలను ఓర్వకల్లు తీసుకెళ్లు. మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన ఎయిర్‌పోర్టే కదా, 2021 మార్చి 28 నుంచి ప్రయాణికుల విమానాలు దిగుతున్న చోటు. విమానం వేళ కనుక్కుని వెళ్లండి. ఏటీఆర్ దిగేటప్పుడు పైలట్ ఏం చేస్తుందో, రెక్క వెనక ఫ్లాప్స్ ఎందుకు కిందికి వంగాయో నాన్నకు చూపించి చెప్పు. ఆయన ఇన్నాళ్లూ నీ చదువుకు డబ్బు కట్టాడు గానీ నువ్వు ఏం చదివావో ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. ఆయనకు అది తెలియాలి.

నీ బ్యాచ్‌వాళ్లతో మాట్లాడటం మాత్రం మానకు. ఒకరికి పిలుపొచ్చిందని ఈర్ష్య పుడితే పుట్టనీ, మనుషులమే. కానీ ఏ కంపెనీ ఏం అడిగింది, ఏ ప్రశ్న వేసింది అన్న కబురు వాళ్ల నోటే తెలుస్తుంది. ఎవరికైనా వస్తే ముందు అభినందించు, తర్వాత నిదానంగా పరీక్ష ఎట్లా ఉందో అడుగు. రేపు నీకు వచ్చినప్పుడు నువ్వూ దాచుకోకుండా చెప్పు.

టీ చల్లారింది, ఇంకోటి పెడతాను. ఈలోగా లేచి మెడికల్ కాగితం, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కాగితం, బ్యాంకు కాగితం మూడూ తీసి గడువు తేదీలు గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసెయ్. నీ బ్యాచ్ అబ్బాయి టైప్ రేటింగ్ సంగతి ఈ వారం ఆలోచించొద్దు. నాన్నతో మడి బేరం ఈ సాయంత్రమే మానిపించు.